చిరిగిన అంచు



రేడియోలో బొమ్మల గురించి మాట్లాడటమంటే కరెంటు పోయినప్పుడు ముగ్గు వేసినట్టే. వేసేవాళ్లకు చెయ్యి తెలుస్తుంది గానీ చూసేవాళ్లకు ఏమీ కనబడదు. అయితే ఇవ్వాళ నేను చెప్పబోయే బొమ్మకు ఒక వెసులుబాటు ఉంది. దాన్ని చేసేటప్పుడు చప్పుడవుతుంది. ముందు ఆ చప్పుడు వినండి.

(కాగితం చింపిన చప్పుడు. సాఫీగా, ఒక్క ఊపులో.)

ఇది నిన్నటి దినపత్రిక. పైనుంచి కిందికి, నిలువుగా చింపాను. సర్రున ఒక్క గుక్కలో వచ్చింది. ఇప్పుడు ఇదే కాగితాన్ని అడ్డంగా చింపుతాను.

(కాగితం చింపిన చప్పుడు. ఆగి ఆగి, గరగరమంటూ.)

తేడా వినబడిందా? నిలువుగా చింపితే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చిన కాగితం, అడ్డంగా చింపేసరికి మొండికేసింది. అటు రమ్మంటే ఇటు పోయింది. మీ ఇంట్లో కూడా పాత పేపర్ ఉంటుంది. బజ్జీల నూనె అద్దడానికో, బీరువా అరలో పరచడానికో దాచి ఉంటారు. ఒకటి తీసి చింపి చూడండి, నా మాట నిజమో కాదో తేలిపోతుంది.

దీనికి కారణం కాగితం మిల్లులో ఉంది. నీళ్లలో కలిపిన గుజ్జు వేగంగా పరుగెత్తే జాలి మీద పడుతుంది. ఆ పరుగుకు గుజ్జులోని పోగులు చాలామటుకు ఒకే దిక్కుకు తిరిగి పడుకుంటాయి, వాగు పారి తగ్గినంక ఒడ్డున గడ్డి ఒక్క వైపే వాలి కనబడినట్టు. ఆ వాలు వెంట చింపితే సాఫీగా వస్తుంది, వాలుకు అడ్డంగా చింపితే గరుకుగా వస్తుంది. కర్రకు ఇట్లాంటి వాలు ఉంటుందని మన వడ్ల పని చేసేవాళ్లకు పుట్టుకతోనే తెలుసు. కాగితానికి కూడా ఉంటుందని మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే డ్రాయింగ్ సారుగా చేరిన చాలా ఏండ్ల దాకా తెలియదు.

చింపిన కాగితం ముక్కలను అతికించి బొమ్మ చేసే విద్య జపాన్‌లో ఉంది. దాని పేరు చిగిరి-ఎ. అక్కడి భాషలో 'చిగిరు' అంటే చేత్తో తుంచడం, చింపడం. 'ఎ' అంటే బొమ్మ. మన 'చిరిగి' అన్న మాటలో చివరి రెండు అక్షరాలను తారుమారు చేస్తే 'చిగిరి' అవుతుంది. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, ఇది ఉత్త కాకతాళీయం. కానీ ఆ పేరు మరిచిపోకుండా ఉండటానికి ఇంతకన్నా సులువైన దారి నాకు దొరకలేదు.

నాది లింగాల ఘనపూర్ మండలం. ఘనపూర్ అనగానే బయటివాళ్లు స్టేషన్ ఘనపూరా అని అడుగుతారు. కాదండీ, రైలు స్టేషన్ లేని ఘనపూర్. మా వైపు కళ అంటే పెంబర్తి ఇత్తడి పనిని చూపిస్తారు, లేకుంటే చేర్యాల నకాశీ బొమ్మను చూపిస్తారు. అవి రెండూ గొప్పవే. నేను చెప్పేది మాత్రం అంత గొప్ప పనిముట్లు అక్కర్లేనిది. కుంచె లేకున్నా, కత్తెర లేకున్నా, ఆఖరుకు రంగులు లేకున్నా నడిచే పని.

కత్తెర లేదన్నదే ఇందులో అసలు సంగతి. కత్తెరతో కోసిన అంచు గోడ కట్టినట్టు ఉంటుంది. ఇక్కడిదాకా ఎరుపు, ఇక్కడినుంచి పసుపు, మధ్యలో ఏమీ లేదు. చింపిన అంచు అట్లా ఉండదు. అక్కడ పోగులు బయటికి వస్తాయి. ఒక రంగు కాగితాన్ని ఇంకో రంగు మీద అతికిస్తే, ఆ పోగులు కింది రంగు మీదికి పాకుతాయి. చూసేవాడి కంటికి రెండు రంగులూ ఒకదాంట్లో ఒకటి కరిగినట్టు ఉంటాయి. మబ్బుకు, పొగకు, మంచుకు, పిల్లి ఒంటికి, పండిన మామిడి బుగ్గకు అట్లాంటి అంచే కావాలి. మన కళ్ల ముందున్న లోకంలో కత్తెరతో కోసినంత కచ్చితమైన అంచు దేనికుంది చెప్పండి?

అయితే మన దినపత్రికతో ఆ పోగులు అంత బాగా రావు. జపాన్ వాళ్లు వాడేది చేతి కాగితం, దాన్ని వాషి అంటారు. అది ముఖ్యంగా కోజో అనే చెట్టు బెరడుతో చేస్తారు. పట్టుపురుగులకు వేసే మల్బరీకి ఇది దగ్గరి చుట్టం. మర్రి, రావి, పనస కూడా ఆ కుటుంబంలోవే. చలికాలంలో కొమ్మలు కొట్టి, ఆవిరి పట్టి, బెరడు ఒలిచి, పైనున్న నల్లపొర గీకి, బూడిద నీళ్లలాంటి క్షారంలో ఉడకబెట్టి, కొట్టి గుజ్జు చేస్తారు. కర్ర గుజ్జులో పోగు పొడవు మామూలుగా ఒకటి నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్లు. కోజో పోగు సెంటీమీటరు దాకా ఉంటుంది. అందుకే ఆ కాగితం పలుచగా ఉన్నా గట్టిగా ఉంటుంది, చింపితే అంచున నూగు లేస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. గుజ్జును తొట్టిలో కలిపేటప్పుడు ఒక మొక్క వేరు చితక్కొట్టి, దాని జిగట అందులో పోస్తారు. ఆ మొక్క పేరు తొరొరో-అఒయి. అది ఎవరో కాదు, మన బెండకు తోబుట్టువు. బెండకాయ కోసినప్పుడు చేతికి అంటుకునే జిగట ఉంది చూశారా, అట్లాంటిదే. పోగులను అంటించడానికే ఆ జిగట పోస్తారని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నిజానికి దాని పని వేరే. నీళ్లు చిక్కబడి జాలిలోంచి మెల్లగా దిగుతాయి, పోగులు ఉండలు కట్టకుండా విడివిడిగా తేలుతాయి. కాగితం పలుచగా, సమంగా వస్తుంది. మినో, సెకిషూ, హొసొకవ అనే మూడు రకాల చేతి కాగితపు పనితనాన్ని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక చింపే పద్ధతి. సన్నని కుంచెను నీళ్లలో ముంచి, కావలసిన ఆకారం కాగితం మీద నీళ్లతోనే గీస్తారు. తడిసిన చోట పోగుల పట్టు సడలుతుంది. అప్పుడు రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగితే, నీటి గీత వెంటే కాగితం విడిపోతుంది. విడిపోతూ పోగులను సాగదీస్తుంది. లాగిన చేయి ఎంత నెమ్మదైతే నూగు అంత పొడవు. ఆ ముక్కలను పలుచని గంజితో అట్ట మీద అతికిస్తారు. చిన్న ముక్కలకు చిమటా వాడతారు. లోతు కావాలంటే, అవతలి మనిషి కనబడేంత పలుచని కాగితాన్ని పొర మీద పొర వేస్తారు. ఎర్రటి పువ్వు మీద అట్లాంటి తెల్ల పొర ఒకటి వేస్తే, పువ్వు మంచులో ఉన్నట్టు వెనక్కి జరుగుతుంది.

ఇది ఎప్పటి విద్య అంటారా? క్యోటో నగరంలో నిషి హొంగంజి అని బౌద్ధ మఠం ఉంది. వాళ్ల దగ్గర ముప్పై ఆరుగురు కవుల పద్యాల సంపుటాలు ఉన్నాయి. 1112 ప్రాంతంలో, గద్దె దిగిన చక్రవర్తి షిరకవ అరవయ్యో ఏటి వేడుక కోసం తయారు చేసినవని పండితులు చెబుతారు. రంగు రంగుల కాగితాలను చింపి, ఒకదాని అంచు మీద ఇంకొకటి అతికించి, కొండల వరుసలా, ఏటి గట్టులా పుటను సిద్ధం చేశారు. దాని మీద వెండి, బంగారం చల్లారు. ఆ పైన పద్యం రాశారు. అక్షరాలు అతుకులను పట్టించుకోకుండా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఏరు దాటినట్టు సాగిపోతాయి.

చక్రవర్తికి ఇచ్చే కానుకలో చింపిన కాగితమా! మన దగ్గరైతే పెండ్లి పత్రిక మూల కొంచెం నలిగినా ఇంకోటి తెమ్మంటాం. చిరుగును లోపం అనుకోని మనసు ఉంటే తప్ప ఆ పుటలు పుట్టవు. ప్యారిస్‌లో పికాసో, బ్రాక్ కాగితాలు అతికించి కొత్త కళ మొదలుపెట్టారని బొమ్మల చరిత్ర పుస్తకాలు చెప్పే ఏడాది 1912. దాదాపు ఎనిమిది వందల ఏండ్ల తేడా. చరిత్ర పుస్తకాలు ఎవరి ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తే ఆ వీధే కనబడుతుంది.

ఆ సంపుటాలు తయారైన కాలానికి మన కాకతీయులు హనుమకొండలో కల్యాణి చాళుక్యుల సామంతులుగా ఉన్నారు. మనకు రాతపని అంతా తాటాకు మీద, గంటంతో. తాటాకు చింపితే ఈనె వెంట ఒక్క దిక్కుకే చీలుతుంది. దాంతో చాప అల్లొచ్చు, బొమ్మ చింపలేం. కాగితం మనకు చాలా ఆలస్యంగా అందింది. పాత నిజాం రాజ్యంలో, దౌలతాబాద్ దగ్గరి కాగజీపురలో చేతి కాగితం చేసేవారు. ఇప్పుడది మహారాష్ట్రలో ఉంది. తరువాత సిర్పూర్ మిల్లు వచ్చింది, ఆ మిల్లు ఉన్న ఊరికి కాగజ్‌నగర్ అని పేరే పడింది.

ఇంతకూ నేను ఈ విద్య వెంట పడటానికి కారణం ఆ చక్రవర్తి కాదు, ఒక బిచ్చగాడు. బిచ్చగాడంటే నిజంగానే ఊరూరా తిరిగి అన్నం ముద్ద అడుక్కుని తిన్న మనిషి. పేరు యమషిత కియోషి. 1922లో తోక్యోలోని అసకుస పేటలో పుట్టాడు. పసితనంలో పెద్ద జబ్బు చేసి, మాట తడబడింది, తెలివి వయసుతో పాటు ఎదగలేదు అన్నారు. తండ్రి చనిపోయాడు. బడిలో పిల్లలు ఏడిపించారు, ఇతనూ తిరగబడ్డాడు. చివరికి 1934లో, పన్నెండేండ్ల వయసులో, తోక్యో పక్కన చిబ జిల్లాలోని యవత గకుఎన్ అనే ఆశ్రమ బడిలో చేర్చారు. మానసికంగా ఎదగని పిల్లల బడి అది. అక్కడ చేతిపనుల్లో భాగంగా రంగు కాగితాలు చింపి అతికించడం నేర్పేవారు.

అతనికి స్నేహితులు లేరు. అందుకని మొదట పురుగులను చేశాడు. తూనీగలు, సీతాకోకచిలుకలు, తేనెటీగలు. పలకరిస్తే వెక్కిరించనివి అవే కదా. ముక్కలు నానాటికీ చిన్నవయ్యాయి, బొమ్మలు పెద్దవయ్యాయి. రంగు కాగితాలు చాలకపోతే వాడేసిన పోస్టేజీ స్టాంపులు చింపాడు. ఆ బడి పిల్లల సంగతులు చూసే మానసిక వైద్యుడు షికిబ ర్యూజబురో ఈ బొమ్మలను బయటి లోకానికి చూపించాడు. 1930ల చివర్లో తోక్యోలో ప్రదర్శనలు పెడితే జనం విరగబడ్డారు.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ 1940 నవంబరులో అతను బడి నుంచి పారిపోయాడు. యుద్ధకాలం. ఇరవై ఒకటో ఏడు వస్తే సైన్యం పరీక్షకు పోవాలి, అదంటే అతనికి భయం. రైలు పట్టాల వెంట నడుస్తూ, స్టేషన్లలో పడుకుంటూ, ఇంటింటా అన్నం అడుక్కుంటూ తిరిగాడు. మధ్యలో ఇంటికి రావడం, మళ్లీ పారిపోవడం. 1954లో ఒక పత్రిక అతను ఎక్కడున్నాడో వెతికిపెట్టమని దేశమంతా చాటితే, దక్షిణాన కగొషిమలో దొరికాడు. పరీక్ష సంగతి అంటారా? 1943లో చేశారు, పనికిరాడని పంపించేశారు. పనికిరాడన్న మాట ఒక మనిషి ప్రాణం కాపాడిన సందర్భాలు అరుదు, ఇది ఒకటి.

అతని గురించి జపాన్ టీవీలో 1980 నుంచి 1997 దాకా ధారావాహిక నడిచింది. బనీను, నిక్కరు, వీపున సంచి. 'నగ్న సేనాని' అని ముద్దుపేరు. ఎవరిని చూసినా సైన్యం హోదాలో అయితే వీళ్లు ఎంతవాళ్లు అని అడిగే అలవాటు అతనికి ఉండేదట, సేనాని అందులోంచి వచ్చింది. ఆ టీవీ కథల్లో అతను ఏ ఊరికి పోతే ఆ ఊళ్లో బొమ్మ చేసి ఇచ్చి మాయమవుతాడు. చూడటానికి బాగుంటుంది గానీ నిజం కాదు. దారిలో అతను బొమ్మలు దాదాపు చేయలేదు. నెలల తరబడి తిరిగి, ఇంటికి వచ్చినంక, కూర్చుని, చూసిందంతా తలుచుకుని చింపేవాడు. ఏ వంతెనకు ఎన్ని స్తంభాలో, ఏ చెట్టు ఎటు వంగిందో, అన్నీ ఆ తలలో ఉండేవి. తెలివి ఎదగలేదన్న తలలో.

అతని బొమ్మల్లో పేరు మోసింది నగఒక బాణసంచా. 1950లో చేశాడు. నగఒక ఊరు మీద 1945 ఆగస్టు 1 రాత్రి అమెరికా విమానాలు బాంబులు కురిపించాయి. సుమారు పద్నాలుగు వందల ఎనభై మంది చనిపోయారు. యుద్ధంలో ఆగిపోయిన ఆ ఊరి బాణసంచా పండుగ 1947లో మళ్లీ మొదలైంది. బొమ్మలో నల్లటి ఆకాశం, దాని మీద విచ్చుకున్న నిప్పు పూలు, కింద షినానో నది, నదిలో వాటి నీడలు. ముందు భాగంలో గట్టు నిండా జనం. ఒక్కో తల ఒక్కో కాగితపు నలుసు. పైన నిప్పురవ్వలు కిందికి జారే గీతలున్నాయి చూడండి, వాటి కోసం కాగితాన్ని వత్తి పోసినట్టు పేని, దారంలా చేసి అతికించాడు. మన ఇళ్లలో దీపానికి వత్తి చేసే వేలిపనే అది. అచ్చు బొమ్మను చూస్తేనే నాకు ఊపిరి ఆడలేదు. ఒకప్పుడు నిప్పులు కురిసిన ఆకాశంలోనే నిప్పు పూలు పూయడం, వాటిని తలెత్తి చూసే వేలమందిలో ఒక్కరూ పారిపోకపోవడం. యుద్ధానికి భయపడి పారిపోయిన మనిషి ఎంచుకున్న బొమ్మ అది.

1956లో తోక్యోలో పెద్ద ప్రదర్శన జరిగింది. 1961లో యూరప్ చూసి వచ్చాడు. 1971లో, నలభై తొమ్మిదో ఏట, మెదడులో నరం చిట్లి పోయాడు.

ఇక్కడ నా సొంత ముచ్చట ఒకటి చెప్పుకోవాలి, చెప్పుకోవడానికి సిగ్గైనా. చాలా ఏండ్ల కింద నేను పనిచేసిన ఒక బడిలో ఏడో తరగతి పిలగాడు ఉండేవాడు. రాయమంటే రాయడు. నోటుబుక్కు కాయితాలు చింపి చింపి, ముక్కలు బల్ల కింద పేర్చి పెట్టేవాడు. ఒకరోజు కోపం వచ్చి వాణ్ణి బయట నిలబెట్టాను, ఆ ముక్కలు వాడి చేతనే ఊడిపించాను. వాటిని పేర్చాడు అన్న మాట ఇప్పుడు నా నోటినుంచే వస్తోంది కదా. పారేయలేదు, పేర్చాడు. ఏ వరుసలో పేర్చాడో, ఏ ఆకారాలో, వంగి ఒక్క నిమిషం చూడలేదు నేను. డ్రాయింగ్ సారును! ఆ పిలగాడు యమషిత అయ్యేవాడని నేను అనను, అట్లాంటి మాటలు సినిమాల్లో బాగుంటాయి. చూడకపోవడం తప్పు, అంతే.

మన వైపు చిగిరి-ఎ ఉందా అని అడిగితే లేదనే చెబుతాను. ప్రపంచంలో ఉన్నదంతా మన ఊళ్లో ముందే ఉందనే గొప్ప నాకు లేదు. కానీ ఆ చేతివాటం మనకు కొత్త కాదు. మా అవ్వ పాత కాయితాలన్నీ చింపి కుండలో నానేసేది. మెంతులు నానబెట్టి రుబ్బి ఆ గుజ్జులో కలిపేది. ఆ ముద్దను చాటకు, గంపకు లోపలా బయటా పూసి, అరచేత్తో మెత్తి ఎండబెట్టేది. చాట సందులు పూడిపోయి, నూకలు జారకుండా, ఏండ్ల తరబడి ఉండేది. మెంతి జిగట ఎందుకంటే, పురుగు పట్టదని ఆమె సమాధానం. తెల్లచొక్కాల నాయకుల ఫోటోలు, సినిమా ప్రకటనలు, పంచాంగం ముక్కలు, అన్నీ ఆ చాట మీద సగం సగం కనబడేవి. నేను చూసిన మొదటి కాగితపు అతుకు బొమ్మ అదే.

బొంత సంగతి మీకు చెప్పక్కర్లేదు. చినిగిన చీరలు, ధోవతులు పొరలుగా పరిచి, పైన రంగు పేలికలు వేసి ఆడవాళ్లు కుట్టేవాళ్లు. ఎక్కడ ఏ పేలిక వేయాలో ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎరుపు పక్కన ఆకుపచ్చ పడితే మెరుస్తుందని వాళ్లు కాలేజీలో చదువుకోలేదు. ఇప్పుడు బొంతలు మ్యూజియంలో పెడుతున్నారు, మంచిదే. చాటల సంగతి ఎవరూ ఎత్తరు, ప్లాస్టిక్ చాటలు వచ్చి వాటిని తుడిచిపెట్టాయి.

ఇక జిగురు. దీనికి జపాన్ దాకా పోనవసరం లేదు, చేర్యాల పోతే చాలు. నకాశీ వాళ్లు బట్ట మీద పూతకు, కొయ్య బొమ్మలు, ముసుగుల మీద రంపపు పొట్టు అతికించడానికి చింతగింజల బంక వాడతారు. వందల ఏండ్లుగా నిలిచిన జిగురు అది. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అందులో ఆ బంక వాటా కూడా ఉంది. చింతగింజలు వేయించి, దంచి, ఎర్ర పొట్టు తీసేసి, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నని మంట మీద కలుపుతూ ఉడికించాలి. గంజిలా పలుచబడితే కాగితానికి సరిపోతుంది. మైదా ఉడికించిన బంక కూడా పనిచేస్తుంది. పోస్టర్లు అతికించేవాళ్లు, పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు రాకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. పిల్లలు ముట్టే బంకలో మాత్రం మైలుతుత్తం వద్దు, అది విషం.

కాగితాలు? మీ ఇంట్లో పాత పెండ్లి పత్రికలు ఉంటాయి. లగ్గం కార్డుల ఎరుపు, పసుపు ఇంకెక్కడా దొరకవు. వారపత్రికల అట్టలు, చాక్లెట్ కాగితాలు, జెండా పండుగ నాటి తోరణాలు, బంగారు అంగడి వాళ్లు పొట్లం కట్టి ఇచ్చే గులాబి రంగు పలుచని కాగితం. రంగు అచ్చైన కాగితం చింపితే ఒక ముక్కకు తెల్ల అంచు వస్తుంది, రెండో దానికి రాదు. చెయ్యి తిప్పి ఎదురు దిక్కుకు లాగితే ఆ తెల్ల అంచు ఈ వైపు ముక్కకు మారుతుంది. నీటి మీద మెరుపుకు, మబ్బు కొసకు తెల్ల అంచు ఉన్న ముక్క పెట్టండి. చీకటికి, రాయికి లేనిది పెట్టండి.

బొమ్మ ఏం చేయాలి? ఫ్యూజియామా కొండ వద్దు, మనం చూడలేదు. మా జీడికల్ గుట్ట చాలు. గుట్ట మీద రాముల వారి గుడి, కార్తీకంలో జాతర. మొదట ఆకాశం. తడిపి చింపిన లేత ముక్కలు, పెద్దవి. తరువాత గుట్ట. ఇందాక చప్పుడు విన్నారే, గరగరమన్నది, ఆ అడ్డం చింపిన వంకర అంచే గుట్టకు సరిపోతుంది. రాతి గుండ్లకు ఆ మొండితనమే అందం. తాటిచెట్టు బోదెకు మాత్రం సర్రున వచ్చిన నిలువు పేలిక కావాలి. తాటి మట్టలకు మళ్లీ అడ్డం చింపుడు. కాగితం వాలు తెలిస్తే సగం బొమ్మ గీసినట్టే. ముందు తంగేడు పొద ఒకటి పెట్టండి. పసుపు కాగితాన్ని గోటితో గిల్లి, గిల్లిన నలుసులు చల్లి అతికిస్తే తంగేడు పూస్తుంది. బతుకమ్మ పేర్చిన చేతులకు ఏ రంగు కింద ఉండాలో, ఏది పైన రావాలో నేను చెప్పేదేముంది?

పెన్సిలుతో ముందే అంతా గీసుకుని, గీతల లోపల ముక్కలు నింపుతారు కొందరు. పోటీలకు వచ్చే బొమ్మల్లో నేను చూసేది ఎక్కువగా అదే. అందులో చింపడం ఉండదు, పూడ్చడం ఉంటుంది. గుంతలు పూడ్చిన రోడ్డులా ఉంటుంది బొమ్మ. నాలుగు గుర్తులు పెట్టుకోండి, మిగిలింది కాగితాన్ని అడగండి. చింపింది మీరు అనుకున్నట్టు రాకపోతే పారేయకండి. గుట్ట కోసం చింపింది ఒక్కోసారి పడుకున్న బర్రె అవుతుంది. బర్రెనే పెట్టండి.

కళ్లు కనబడనివాళ్లు ఈ పని చేయగలరా అని ఒకసారి ఒక తల్లి నన్ను అడిగింది. శాంతినికేతన్‌లో బొమ్మలు నేర్పిన వినోద్ బిహారీ ముఖర్జీకి 1957లో కంటి ఆపరేషన్ చెడి చూపు పూర్తిగా పోయింది. ఆ తరువాత ఆయన చేతులతో తడిమి రంగు కాగితాలు కోసి, అతికించి బొమ్మలు చేశారు. ఆయన మీద సత్యజిత్ రాయ్ 1972లో 'ది ఇన్నర్ ఐ' అనే చిన్న సినిమా తీశారు. ఆయన కాగితాలు ఎక్కువగా కోసినవి, నేను చెప్పే చింపిన పద్ధతి కాదు. అయినా ఆ తల్లికి నేను ఇచ్చిన జవాబు అదే. చింపిన అంచును వేలితో చదవొచ్చు, కోసిన అంచు కన్నా బాగా.

జపాన్‌లో ఇప్పుడు ఈ విద్య వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో బాగా నడుస్తోంది. నెలకొక పువ్వు, నెలకొక పండుగ చొప్పున ముసలివాళ్లు చింపి అతికిస్తారు. వేళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి, పొద్దు గడుస్తుంది. మన ఊళ్లలో పిల్లలు హైదరాబాద్‌లో, ముసలివాళ్లు అరుగు మీద. వాళ్ల దగ్గర సమయం ఉంది, ఇంట్లో పాత కాయితం ఉంది. అంగన్‌వాడీ టీచరమ్మలకు కూడా నాదొక మనవి. మూడేండ్ల పిల్ల చేతికి కత్తెర ఇవ్వలేం, పెన్సిలు పట్టు ఇంకా కుదరదు. చింపడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చు. ఇన్నాళ్లూ ఆ పనికి వీపు మీద ఒకటి వేశాం. ఒక పూట కాయితం చేతికిచ్చి, చింపిన ముక్కలు పిల్ల ఎట్లా పేరుస్తుందో వంగి చూడండి. నేను చూడనిది మీరు చూడండి.

ఈ రాత్రికి గుప్పెడు చింతగింజలు వేయించి, పొట్టు తీసి నానబెట్టండి. రేపు ఆదివారం లాగా ఒక గంట తీరిక చేసుకుని కూర్చోండి. ఒక్కటే జాగ్రత్త. చింపే ముందు ఆ కాయితం ఏమిటో ఒకసారి అటు ఇటు తిప్పి చూసుకోండి, అందులో పట్టాదారు పాసుపుస్తకం కలిసిపోయి ఉంటే మాత్రం ఆ బొమ్మకు నా పూచీ లేదు.